పిస్తాల డబ్బు ఇచ్చేయండి, ఫోన్లు ఎత్తినందుకు నొచ్చుకోకండి

ప్రశ్న: మాది గుంటూరు. నాన్నగారు చాలా ఏళ్లుగా ఎండు మిర్చి వ్యాపారం చేస్తున్నారు. దుబాయ్‌కు ఎగుమతి కూడా ఉంది. ఆయనకు ఆరోగ్యం సహకరించక, ఈసారి కూతురినైన నన్ను, మా పెద్దనాన్నగారి అబ్బాయిని (మాకు అన్నయ్య) వెళ్లి ఇద్దరు కొనుగోలుదారులను కలిసి రమ్మంటున్నారు. ప్రయాణం ఫిబ్రవరిలో అనుకుంటున్నాం. ఒకరు ఎమిరాతీ, అంటే అక్కడి పౌరుడైన పెద్దమనిషి. పోయినసారి నాన్నగారు వెళ్లినప్పుడు ఆయన మాటల మధ్యలో ఫోన్లు ఎత్తుతూ, వచ్చేపోయేవాళ్లను పలకరిస్తూ కూర్చున్నారట. రెండో కంటైనర్ సంగతి అడిగితే ‘ఇన్‌షా అల్లా’ (దేవుడు తలిస్తే) అని ఊరుకున్నారట. నాన్నగారికి అది అవమానంగా తోచింది. రెండో ఆయన దుబాయ్‌లోని దేరా పేటలో దుకాణం ఉన్న ఇరానీ వ్యాపారి. అక్క పెళ్లికి ఐదు కిలోల పిస్తాలు కావాలని అడిగితే మా బంధువు చేతికిచ్చి పంపారు. ధర ఎంతని అడిగితే ‘మీ దగ్గర డబ్బులా, ఏమీ వద్దు’ అన్నారు. నాన్నగారు సంతోషించి అంతటితో వదిలేశారు. అప్పటి నుంచి ఆ వ్యాపారి సందేశాలు పొడిపొడిగా వస్తున్నాయి. చేయి కలపాలా వద్దా, ఎలాంటి బట్టలు వేసుకోవాలి, ఏమి పట్టుకువెళ్లాలి? గల్ఫ్‌లో డ్రైవరుగా చేసి వచ్చిన మామయ్య కొన్ని అరబ్బీ మాటలు నేర్పుతున్నారు. అవి సరిపోతాయా?

సమాధానం: ముందు ఆ పిస్తాల డబ్బు ఇచ్చేయండి. ఫిబ్రవరి దాకా ఆగవద్దు.

ఆయన మీతో అబద్ధమాడలేదు, మిమ్మల్ని పరీక్షించనూ లేదు. ఇరానీ మర్యాద నడిచే తీరే అది. టెహ్రాన్‌లో టాక్సీ దిగి ఎంతయిందని అడిగితే డ్రైవరు ‘ఘాబెల్ నదారె’ అంటాడు, మీ ముందు అదొక లెక్కా అన్నట్టు. రొట్టెల అంగడిలోనూ బట్టల కొట్టులోనూ ఇదే మాట. విన్నవాళ్లు ‘ఎంతమాట, చెప్పండి’ అని మళ్లీ అడుగుతారు. మళ్లీ వద్దంటాడు. మూడోసారికి ధర చెప్పి, నోట్లు లెక్కపెట్టుకుని జేబులో వేసుకుంటాడు. ఈ తతంగాన్ని వాళ్లు తారోఫ్ అంటారు. మొదటిసారికే ‘చాలా సంతోషం’ అని దిగి వెళ్లిపోయిన మనిషిని ఆ డ్రైవరు వెంటపడి అడగలేడు. అడిగితే పోయేది తన మర్యాదే. మీ పిస్తాల ఆయన ప్రస్తుతం ఆ ఇరకాటంలో ఉన్నారని నా అనుమానం.

మనకూ ఇది బొత్తిగా తెలియని విద్య కాదు. మధ్యాహ్నం పన్నెండు దాటాక ఎవరింటికైనా వెళ్తే ‘భోంచేసి వెళ్లండి’ అంటారు, ‘ఇప్పుడే తిని బయలుదేరామండీ’ అంటాం. వాళ్లు రెక్క పట్టుకుని పీట మీద కూర్చోబెడితే అప్పుడు చేయి కడుక్కుంటాం. తేడా ఏమిటంటే, మన మొహమాటం ఎక్కువగా విస్తరి దగ్గరే ఆగిపోతుంది. వాళ్లది గల్లాపెట్టె దగ్గర, గుమ్మం దగ్గర, సోఫాలో పైచోటు దగ్గర, అంతటా ఉంటుంది. గుమ్మంలో ఇద్దరు ఇరానీ పెద్దమనుషులు ‘మీరు ముందు’, ‘కాదు, మీరే’ అనుకుంటూ నిలబడిపోతే వెనుక వచ్చేవాళ్లు ఓపిక పట్టాల్సిందే.

మరి నిజంగా ఇచ్చినది ఏదో, మాటవరసకు అన్నది ఏదో ఎలా తెలుస్తుంది? మీరు అడగకుండా తెచ్చి చేతిలో పెట్టినది కానుక. మీరు కావాలని అడిగి, ధర కూడా అడిగినది సరుకు. సరుకుకు డబ్బు ఇవ్వాలి, ఎదుటివారు ఎన్నిసార్లు వద్దన్నా సరే. ఆహ్వానం సంగతీ ఇంతే. దుకాణం మెట్లు దిగుతుంటే ‘రాత్రికి మా ఇంటికి రండి’ అంటే దండం పెట్టి తప్పుకోండి. ‘గురువారం ఎనిమిదింటికి, మా ఆవిడ మీతో ఫోనులో మాట్లాడుతుంది’ అన్నారంటే అది నిజమైన పిలుపు. దానికి వెళ్లకపోతే నొచ్చుకుంటారు.

డబ్బు ఇచ్చే పద్ధతి చెబుతాను. పిస్తాలు తెచ్చిన మీ బంధువు ఇంకా దుబాయ్‌లోనే ఉంటే, ఆ రకం పిస్తా దేరాలో ఎంత పలుకుతోందో వాకబు చేయించండి. అంతకు కాస్త పైన వేసి, దిర్హాములు కవరులో పెట్టి ఆయన చేతే పంపండి. కవరు కుడిచేత్తోగానీ రెండు చేతులతోగానీ అందించాలి. వద్దంటారు. ‘మీ పిస్తాలు పెళ్లిలో అందరూ మెచ్చుకున్నారు, బాకీ ఉంచుకుంటే మా పెద్దాయనకు నిద్ర పట్టడం లేదు’ అనమనండి. మళ్లీ వద్దంటారు. అప్పుడు కవరు బల్ల మీద పెట్టి, ఆయన కుటుంబం సంగతి అడిగి, టీ తాగి రావాలి. కవరు తిరిగి మీ వాడి జేబులోకి రాకూడదు. ఆలస్యం గురించి పొడవాటి క్షమాపణలు అక్కర్లేదు. మీకు తెలియక జరిగిందని ఆయనకు తెలుసు. ఆ టీతోపాటు పంచదార బిళ్లలు వస్తే, ఒకటి పళ్ల మధ్య పెట్టుకుని పాలు లేని టీని గుటకలు వేయడమే వాళ్ల అలవాటు. హైదరాబాదులో మనం తాగే చిక్కటి ఇరానీ చాయ్ ఇరాన్‌లో దొరకదు. ‘మా ఊళ్లో మీ చాయ్ దొరుకుతుంది’ అని మురిసిపోయి చెబితే వాళ్లు నవ్వుకుంటారు.

అయితే ఈ సుతిమెత్తని మాటలు చూసి బేరం కూడా అలాగే సాగుతుందనుకుంటే పొరపాటు. ధర దగ్గరకు వచ్చేసరికి ఇరానీ వ్యాపారి కిలోకు పది పైసలు కూడా వదలడు. అది కూడా ఎంతో తియ్యగా వదలడు. మీరూ తియ్యగానే పట్టుబట్టండి. ‘ఇది చివరి ధర’ అని మొదటే తెగేసి చెప్పకండి, దిగడానికి నాలుగు మెట్లు ఉంచుకోండి. మరో సంగతి: ఇరాన్‌పై ఉన్న ఆంక్షల వల్ల అక్కడి బ్యాంకులతో లావాదేవీలు చిక్కుల్లో ఉన్నాయి. 2019లో మన దేశం ఇరాన్ చమురు కొనడం మానేశాక ఆ చమురు సొమ్ములోంచి మన ఎగుమతిదారులకు రూపాయల్లో చెల్లించే దారి కూడా ఇరుకైపోయింది. బాస్మతి, తేయాకు ఎగుమతిదారులు బకాయిల కోసం తంటాలు పడ్డారు. కనుక డబ్బు ఏ సంస్థ పేరున, ఏ దేశపు ఏ బ్యాంకు నుంచి వస్తుందో ముందే కాగితం మీద రాయించుకోండి, మీ బ్యాంకు వాళ్లకు చూపించుకోండి. ఇలా అడగడం వాళ్లకు అమర్యాదగా తోచదు. పిస్తాలకు ఒక రివాజు, కంటైనరుకు ఇంకొకటి.

ఇక మీ ఉత్తరంలో నాకు కొంచెం కంగారు పుట్టించిన విషయం. ఇద్దరికీ కలిపి ఒకే చిట్టా అడుగుతున్నట్టున్నారు. అరబ్బులను, ఇరానీలను ఒకే గాటన కట్టకండి. ఇరానీని అరబ్బు అనుకున్నారో, ఆయన నవ్వుతూనే సరిదిద్దుతారు, కానీ మనసులో పెట్టుకుంటారు. భాష వేరు, చరిత్ర వేరు, పంచాంగం వేరు, వంట వేరు. ‘షుక్రన్’ అరబ్బీ మాట. ఇరానీలు రోజువారీ కృతజ్ఞతకు చాలా మామూలుగా ‘మెర్సి’ అంటారు, మీరూ అనవచ్చు. ‘సలాం’ ఇద్దరి దగ్గరా చెల్లుతుంది. ఇరాన్‌కు, అరబ్బు దేశాలకు మధ్య ఉన్న సముద్రాన్ని ఇరానీలు పర్షియన్ గల్ఫ్ అంటారు, అరబ్బులు అరేబియన్ గల్ఫ్ అంటారు. ఈ పేరు మీద వాళ్లకు ఉన్న పట్టింపు చిన్నది కాదు. మీ సంస్థ కరపత్రంలో ఎగుమతుల పటం ముద్రించి ఉంటే ఒకసారి తీసి చూసుకోండి. వట్టి ‘గల్ఫ్’ అని ఉంటే ఎవరికీ పేచీ లేదు.

అలాగని ఎదుటి మనిషి ఎవరో మీరే తేల్చేయబోకండి. దుబాయ్ క్రీక్ ఒడ్డున బస్తకియా అనే పాత పేట ఉంది, ఇప్పుడు అల్ ఫహీదీ అంటున్నారు. ఇరాన్‌లోని బస్తక్ ప్రాంతం నుంచి వచ్చిన వర్తకులు కట్టుకున్న ఇళ్లు అవి. వాళ్ల వారసులు ఎందరో ఈనాడు ఎమిరాతీ పౌరులే. కాబట్టి ‘మీరు అరబ్బులా, ఇరానీలా’ అన్న ప్రశ్న మాత్రం ఎవరినీ అడగవద్దు. దేరా రేవు నుంచి ఇరాన్‌కు సరుకు మోసే చెక్క పడవలు నేటికీ కనిపిస్తాయి. ఒక సాయంత్రం అటు వెళ్లి చూడండి, మీ వ్యాపారానికి పనికివచ్చే సంగతులు తెలుస్తాయి. ఇరాన్ వంటల్లో మొత్తం మీద కారం తక్కువే. బందర్ అబ్బాస్, బూషెహర్ లాంటి దక్షిణ తీరం ఊళ్లలో మాత్రం కారం తింటారు. మీ తేజ రకం మిర్చి ఎటు పోతోందో ఇరానీ ఆయననే అడగండి, ఆసక్తిగా చెబుతారు.

ఇప్పుడు ఎమిరాతీ పెద్దమనిషి సంగతి. నాన్నగారిని ఆయన అవమానించలేదు. అక్కడి పెద్దల కొలువును మజ్లిస్ అంటారు: గోడల వెంట సోఫాలు, తెరిచి ఉంచిన తలుపు, ఎవరు ఎప్పుడైనా రావచ్చు. మేనల్లుడు వస్తాడు, బ్యాంకు మనిషి వస్తాడు, ఎవరో చేపల వేట కబురు తెస్తారు. ఇవన్నీ మీ పనితో పాటే సాగుతాయి. మీకు పదకొండు నుంచి పన్నెండు వరకు గంట కేటాయించి తలుపు మూసేయడం ఆ ఇంటి పద్ధతి కాదు. కొత్త తరం ఆఫీసుల్లో గడియారం ప్రకారమే పని జరుగుతుంది కానీ పాతకాపు వర్తకుల దగ్గర ఇప్పటికీ ఇదే తీరు. ఫోను ఎత్తినప్పుడు ముఖం మాడ్చుకోకండి, మీ ఫోను కూడా తీసి చూడకండి. వచ్చినవాళ్లు లోపలికి రాగానే లేచి నిలబడండి. ఆయన ఫోను పెట్టేశాక మాట ఎక్కడ ఆగిందో అక్కడి నుంచి తాపీగా అందుకోండి. మొదటి పావుగంట మిర్చి ఊసు ఎత్తకపోయినా నష్టం లేదు. పిల్లల చదువులు, ప్రయాణం ఎలా జరిగింది, గుంటూరులో వానలు ఎలా ఉన్నాయి, ఇవే మాటలు. కుటుంబం క్షేమమా అని అడగండి. ‘మీ ఆవిడ ఎలా ఉన్నారు’ అని అన్నయ్య అడగకూడదు. గల్ఫ్ అరబ్బు మగవాళ్ల మధ్య ఆ ప్రశ్న కటువుగా ధ్వనిస్తుంది.

ముందుగా గావా వస్తుంది. లేత రంగులో, యాలకుల వాసనతో ఉండే కాఫీ. పాలు, పంచదార ఉండవు, పక్కన ఖర్జూరాలు పెడతారు. వడ్డించే మనిషి ముక్కు పొడవాటి కూజా ఎడమచేత పట్టుకుని, కుడిచేత పిడి లేని చిన్న కప్పులు పట్టుకుని వస్తాడు. మీరు కుడిచేత్తోనే అందుకోవాలి. కప్పు అడుగున నాలుగు గుక్కలే పోస్తాడు. పిసినారితనం అనుకోకండి, నిండుగా పోయడమే అక్కడ మోటుతనం. ఖాళీ అయిన కప్పు చాపితే మళ్లీ పోస్తాడు. మీరు చాలని నోటితో ఎంత చెప్పినా అతను పోస్తూనే ఉండవచ్చు. కప్పును వేళ్ల మధ్య అటూ ఇటూ రెండుసార్లు ఊపి ఇచ్చేయండి, అదే గుర్తు. ఒక కప్పయినా తాగాలి, మూడు దాటకపోతే మంచిది. యునెస్కో 2015లో ఈ అరబ్బీ కాఫీ సంప్రదాయాన్ని తన వారసత్వ జాబితాలో చేర్చింది కూడా.

ఇరానీ మర్యాద మాటల్లో ఉంటే, గల్ఫ్ అరబ్బు మర్యాద ఎక్కువగా చేతల్లో ఉంటుంది. ఇంటికి భోజనానికి పిలిచారనుకోండి, కబుర్లన్నీ భోజనానికి ముందే. తిన్నాక కాఫీ వస్తుంది, ఆ తరువాత ధూపం పాత్రలో ఊద్ అనే సుగంధపు చెక్క పొగ తెస్తారు. మగవాళ్లు తలగుడ్డకు, ఆడవాళ్లు దుస్తులకు ఆ పొగ పట్టించుకుంటారు. మీరూ రెండు చేతులతో పొగను మీ వైపు విసురుకోండి, బాగుందని చెప్పండి, ఇక లేవండి. ఊద్ వచ్చాక కూర్చోవడం లేదని వాళ్లకు సామెతే ఉంది. మనవాళ్లు భోజనం అయ్యాకే అసలు కబుర్లు మొదలుపెడతారు, అక్కడే బోల్తా పడతారు. ఇంకొకటి, ఆయన గోడ మీది బాకునో చేతి గడియారాన్నో ఒకటికి రెండుసార్లు పొగడకండి. తీసి ఇచ్చేస్తానంటారు, ఇద్దరికీ ఇబ్బంది.

‘ఇన్‌షా అల్లా’ను ఎలా తీసుకోవాలి? ముఖం మీద కాదనడం అక్కడ మొరటు పని. కనుక ‘తప్పకుండా’ నుంచి ‘ఇప్పట్లో లేదు’ వరకు అన్నిటికీ ఆ మాటే వాడతారు. మాటను చీల్చి చూడకుండా, దాని వెంట ఏముందో చూడండి. ఎల్.సి. (చెల్లింపుకు బ్యాంకు ఇచ్చే హామీ పత్రం) ఎప్పుడు తెరిపిస్తారు, తొడిమ తీసినది కావాలా తొడిమతో కావాలా, ఎన్ని బస్తాలు, సంచి మీద ముద్ర ఏమిటి అని మృదువుగా అడగండి. కావాలనుకున్న మనిషి వెంటనే తన మేనేజర్‌ను పిలిచి అప్పజెబుతారు. ఆ మేనేజర్ తరచుగా మలయాళీయో సింధీయో లెబనాన్ దేశస్థుడో అయివుంటాడు. కాగితం కదిలేది అతని బల్ల మీదే కాబట్టి పెద్దాయనకు ఇచ్చిన మర్యాదలో అతనికీ వాటా ఇవ్వండి. మేనేజర్ రాకుండా ఇంకో కాఫీ వచ్చిందంటే ఈసారికి లేదని అర్థం. నవ్వుతూ సెలవు తీసుకోండి, తరువాతి పంటకు మళ్లీ అడగవచ్చు.

చేయి కలిపే సంగతి మీరు అనుకున్నంత పెద్ద చిక్కు కాదు. ఆడవారిగా మీరు ముందు చేయి చాపకండి, అంతే. ఆయన చాపితే కలపండి. చాపకుండా గుండె మీద అరచేయి పెట్టుకుని తల వంచితే, మీరూ అదే చేయండి. అది చులకన కాదు, గౌరవమే. అన్నయ్యకు మాత్రం మెత్తగా, కాస్త ఎక్కువసేపు సాగే కరచాలనం దొరుకుతుంది. మధ్యలో చేయి లాక్కోవద్దని చెప్పండి. బట్టల విషయానికి వస్తే, దుబాయ్‌లో మీరు తల కప్పుకోనక్కర్లేదు. మోచేతులు దాటిన చేతులున్న చుడీదార్ అయినా, పొడుగు చేతుల రవికెతో చీర అయినా బాగుంటుంది. కూర్చున్నప్పుడు కాలు మీద కాలు వేసుకుని పాదం అడుగుభాగం ఎదుటివారికి చూపకూడదు. ఈ పట్టింపు మనకూ ఉన్నదే.

మీకు ఇంతకంటే ముఖ్యమైనది వేరే ఉంది: ధర అన్నయ్య నోట కాకుండా మీ నోట రావాలి. లోపలికి వెళ్లగానే ‘వ్యాపారం ఇక చూసేది మా చెల్లెలే’ అని అన్నయ్య ఒక్క మాట చెప్పి, తరువాత ఊరుకోవాలి. ఆయన మొదట అన్నయ్య వైపే చూసి మాట్లాడవచ్చు. మీరు తేమ శాతం, రంగు, రవాణా ఖర్చు వరుసగా చెప్పుకుపోతే చూపు దానంతట అదే మీ వైపు తిరుగుతుంది. ఆడవారు వర్తకం చేయడం ఆ సంప్రదాయానికి కొత్త కాదు, ప్రవక్త మొదటి భార్య ఖదీజా స్వయంగా వర్తకురాలు.

మామయ్య నేర్పే అరబ్బీ గురించి ఆయన నొచ్చుకోకుండా విని, జాగ్రత్తగా వాడండి. డ్రైవర్లు, కూలీలు, యజమానుల మధ్య అక్కడ ఒక ముక్కల అరబ్బీ పుట్టింది. అది పనికి సరిపోతుంది, పెద్దల ముందు సరిపోదు. ‘రఫీక్’ అని కూలీలను, దుకాణం కుర్రాళ్లను పిలుస్తారు. కొనుగోలుదారును అలా పిలిస్తే ‘ఏమోయ్’ అన్నట్టుంటుంది. ‘యల్లా’ అని తొందరపెట్టడమూ అంతే. ‘అస్సలాము అలైకుం’, ‘షుక్రన్’ చాలు, మిగతాది ఇంగ్లీషులో మాట్లాడండి. ఎమిరాతీలను గౌరవ పదం చేర్చి మొదటి పేరుతో పిలుస్తారు. ఇరానీలను ఇంటిపేరుతో, ముందు ‘ఆగా’ చేర్చి పిలవాలి. అన్నట్టు, ఇరానీ ఆయనకు వాట్సాప్‌లో బొటనవేలి గుర్తు పంపే అలవాటుంటే మానండి. కుర్రకారు పట్టించుకోరు కానీ పాత తరానికి ఆ సైగ బూతు.

కానుకల దగ్గర మీరు అదృష్టవంతులు. ఎమిరాతీ ఇంటికి ఆత్రేయపురం నేతి పూతరేకులు పట్టుకెళ్లండి, విరగకుండా గట్టి డబ్బాలో. ఇరానీ ఆయనకు పెడన కలంకారీ బల్లగుడ్డ. గోల్కొండ సుల్తానుల కాలంలో మచిలీపట్నం రేవు నుంచి ఈ అద్దకం బట్టలు ఇరాన్‌కు ఓడల్లో వెళ్లేవి. ఇస్ఫహాన్‌లో ఇప్పటికీ దాదాపు ఇలాగే చెక్క అచ్చులతో అద్దుతారు, ఆయన చూడగానే గుర్తుపడతారు. తీగలు, పువ్వులు ఉన్నది ఎంచుకోండి, దేవతామూర్తులు ఉన్నది వద్దు. కానుకను మీ ఎదుట విప్పకుండా పక్కన పెడితే నచ్చలేదని అనుకోకండి.

ప్రయాణం తేదీలు మాత్రం మార్చుకోవలసి రావచ్చు. రంజాన్ నెల ఏటా పది, పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. 2027లో నెలవంకను బట్టి ఫిబ్రవరి రెండో వారంలో మొదలవుతుంది. ఆ నెలలో అక్కడి పనిగంటలు తగ్గుతాయి, మధ్యాహ్నం తరువాత ఎవరికీ ఓపిక ఉండదు. కలవాలంటే ఉదయం పూటగానీ ఇఫ్తార్ అయ్యాకగానీ కలవాలి. పగలు ఆయన ముందు మంచినీళ్లు కూడా తాగకండి. జనవరిలోనే వెళ్లి వస్తే హాయి. దుబాయ్‌లో 2022 నుంచి శని, ఆదివారాలు సెలవు, శుక్రవారం ప్రభుత్వ కార్యాలయాలకు సగం పూటే పని. ఇరాన్‌లో వారపు సెలవు శుక్రవారం. దేరా ఆయన దుకాణం దుబాయ్ లెక్కన నడిచినా, బందర్ అబ్బాస్ నుంచి రావలసిన జవాబు శుక్రవారం రాదు. మార్చి 20 లేదా 21న వచ్చే నౌరోజ్ వాళ్లకు సంవత్సరాది. ఆ తరువాత పదమూడో రోజు దాకా అటునుంచి కాగితం కదలడం కష్టం, కనుక పత్రాల పని ముందే ముగించుకోండి. నౌరోజ్ శుభాకాంక్షలు ఇరానీ ఆయనకు తప్పకుండా పంపండి. ఎమిరాతీ ఆయనకు పంపవలసింది రంజాన్ ముగిశాక వచ్చే ఈద్‌కు.